స్కీ ఊళ్లో పనివాళ్లకు ఇళ్లు: కొలరాడో కొండ పట్టణాల అనుభవంతో సమగ్ర మార్గదర్శి

ఆస్పెన్‌లో రాత్రి పదకొండుకి హోటల్ వంటింట్లో గిన్నెలు కడగడం ముగించిన మనిషి, గ్లెన్‌వుడ్ స్ప్రింగ్స్ మీదుగా రైఫిల్‌లోని ఇంటికి చేరాలంటే మంచులో 70 మైళ్ల దాకా ప్రయాణం. వెయిల్‌లో గదులు సర్దేవాళ్లలో చాలామంది లెడ్‌విల్ నుంచి టెన్నెసీ పాస్ అనే కొండ కనుమ దాటి వస్తారు. పాస్ మూసేసిన రోజు హోటల్లో సగం గదులు సర్దకుండానే ఉండిపోతాయి. అందుకే ఈ ఊళ్లలో పనివాళ్ల ఇల్లు అంటే దానధర్మం కాదు, రోడ్డూ నీళ్లూ లాంటి అవసరం.

కొండ ఊళ్లో హోటల్ కడుతున్నవాళ్లు, టౌన్ కౌన్సిల్‌లో పనిచేసేవాళ్లు, ఆర్కిటెక్టులు, ఇళ్లు కట్టే సంస్థలు, వీళ్లలో ఎవరు మొదలుపెట్టినా పని క్రమం దాదాపు ఒకటే. లెక్కలన్నీ కొలరాడో చట్టాల మీద ఆధారపడి రాశాం. వ్యోమింగ్‌లోనో యూటాలోనో కడుతుంటే పద్ధతి పనికొస్తుంది, చట్టం మారుతుంది.

1. ఎన్ని ఇళ్లు కావాలో జీతాల పట్టీ నుంచి లెక్కకట్టండి

జనాభా లెక్కలు చూసి మొదలుపెట్టకండి. రిసార్ట్ ఊళ్లో మంచాల అవసరం సీజన్‌ను బట్టి మారుతుంది. రెండు వారాల పేరోల్ తెప్పించుకోండి: ఫిబ్రవరిలో ప్రెసిడెంట్స్ డే సెలవు ఉన్న రద్దీ వారం, మే నెలలో మంచు కరిగి ఊరంతా బురదగా ఉండే మడ్ సీజన్‌లో ఒక వారం. మే నెలలోనూ జీతం తీసుకుంటున్నవాళ్లకు అపార్ట్‌మెంట్లు కావాలి. ఫిబ్రవరిలో అదనంగా కనబడేవాళ్లకు మంచాలు కావాలి. ఈ రెండూ వేర్వేరు భవనాలు, వేర్వేరు అద్దె ఒప్పందాలు. కలిపి కడితే తెల్లవారుజామున ఐదింటికి లేచి బస్సు ఎక్కే తల్లికి, రెండింటిదాకా పాటలు పెట్టుకునే కుర్రాళ్లకు మధ్య గోడ ఒకటే అవుతుంది.

ఒక ఉదాహరణ. 80 గదుల హోటల్, కింద ఒక రెస్టారెంట్, మొత్తం 60 ఉద్యోగాలు అనుకుందాం. స్కీ ఊళ్లో ఒక్కొక్కరు ఒకటికి మించి ఉద్యోగాలు చేస్తారు. మనిషికి 1.2 ఉద్యోగాలు చొప్పున 60ని భాగిస్తే 50 మంది. ఇంటికి 1.8 మంది సంపాదనపరులు చొప్పున 28 కుటుంబాలు. అందులో 40 శాతం భారం మీరు మొయ్యాలని పట్టణం చెబితే 11 ఇళ్లు. ఈ 1.2, 1.8 మీ కౌంటీ సర్వేలోంచే తీసుకోవాలి. పక్క కౌంటీవి వాడితే కోర్టులో నిలబడదు.

కోర్టు మాట ఎందుకంటే, ప్రభుత్వం అనుమతికి బదులుగా ఇల్లో రుసుమో అడిగితే, ఆ నిర్మాణం తెచ్చే భారానికి అది సరితూగాలని అమెరికా సుప్రీంకోర్టు నోలన్ (1987), డోలన్ (1994) కేసుల్లో చెప్పింది. చట్టం ద్వారా వేసినంత మాత్రాన రుసుముకు ఈ పరీక్ష నుంచి మినహాయింపు రాదని 2024లో షీట్జ్ కేసులో తేల్చింది. కాబట్టి పట్టణం తరఫున రాసేవాళ్లు ముందు అధ్యయనం చేయించాలి, ఆ తర్వాతే ఆర్డినెన్స్ (పట్టణ చట్టం).

2. స్థలం: ఉచితం అంటే నిజంగా ఉచితమా?

స్థలాన్ని మొదట వెతకాల్సిన చోటు ప్రభుత్వ భూమి: పాత మునిసిపల్ షెడ్లు, స్కూల్ జిల్లా స్థలాలు, మిగులు పార్కింగ్ లాట్లు. 2018 నాటి కేంద్ర వ్యవసాయ చట్టం (ఫార్మ్ బిల్లు) తర్వాత అమెరికా అటవీ శాఖ (ఫారెస్ట్ సర్వీస్) తన కార్యాలయ స్థలాలను లీజుకివ్వగలుగుతోంది. వైట్ రివర్ నేషనల్ ఫారెస్ట్ పరిధిలో డిల్లన్ దగ్గరి స్థలం ఈ దారిలోనే వచ్చింది. కెనడాలో విస్లర్‌కు 2010 ఒలింపిక్స్ కానుకగా 300 ఎకరాల భూమి దక్కింది. అథ్లెట్ల గ్రామం తర్వాత చీకమస్ క్రాసింగ్ పేరుతో స్థానికుల పేట అయింది.

అయితే స్థలం చేతికి రావడం వేరు, ఇల్లు లేవడం వేరు. స్టీమ్‌బోట్ స్ప్రింగ్స్ సంగతి చూడండి. పేరు చెప్పని దాత ఇచ్చిన డబ్బుతో యాంపా వ్యాలీ హౌసింగ్ అథారిటీ అనే స్థానిక ప్రభుత్వ ఇళ్ల సంస్థ 2021లో బ్రౌన్ రాంచ్ కొంది. 534 ఎకరాలు, రెండు వేలకు పైగా ఇళ్ల ప్రణాళిక. 2022లో ఓటర్లు స్వల్పకాలిక అద్దె ఇళ్ల మీద 9 శాతం పన్నుకూ ఒప్పుకున్నారు. అంతా అయ్యాక 2024 మార్చిలో ఆ భూమిని ఊళ్లో కలిపే ప్రతిపాదనను ఓటర్లే తిరగ్గొట్టారు. నీళ్లు, రోడ్లు, ట్రాఫిక్, ఎవరు ఎంత భరించాలి అన్నవే చర్చలో నలిగిన ప్రశ్నలు. మా అభిప్రాయంలో, ఊరి సరిహద్దు లోపల నాలుగు ఎకరాలు దొరికితే బయట నలభై ఎకరాల కంటే అదే నయం.

స్థలం కొనేముందు ఐదు కాగితాలు చేతిలో ఉండాలి: నీటి సంస్థ ఇచ్చిన సరఫరా హామీ ఉత్తరం, ఒక్కో ఇంటికి ట్యాప్ ఫీజు (నీటి కనెక్షన్ రుసుము) లెక్క, మట్టి పరీక్ష, హిమపాతం–కొండచరియల ప్రమాద పటం, వన్యప్రాణుల నివేదిక. చివరిదాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. తూర్పు వెయిల్‌లో బూత్ హైట్స్ దగ్గర బిగ్‌హార్న్ గొర్రెలు చలికాలం మేసే చోటు కావడంతో ఏళ్ల తరబడి గొడవ జరిగింది. చివరికి 2022లో పట్టణమే ఆ స్థలాన్ని స్వాధీనం చేసుకోవడానికి తీర్మానించింది.

3. డబ్బు: లోటు ఎంతో ముందే ఒప్పుకోండి

ఇక్కడ అద్దెలతో ఇంటి ఖర్చు తీరదు. దీన్ని దాచిపెట్టి ముందుకెళ్లే ప్రాజెక్టులే మధ్యలో ఆగిపోతాయి. ఒక్క ఇంటికి లెక్క వేసి చూపిస్తాం. అంకెలు ఉదాహరణకే, మీ కౌంటీవి పెట్టుకోండి.

ముగ్గురున్న కుటుంబం. ప్రాంత మధ్యస్థ ఆదాయంలో (ఇక్కడివాళ్లు ఏఎంఐ అంటారు) 80 శాతం అంటే ఏడాదికి 90,000 డాలర్లు అనుకుందాం. నెలకు 7,500. అందులో 30 శాతం 2,250. కరెంటు, గ్యాస్, నీళ్లకు 200 పోతే అద్దె 2,050. ఖాళీలకు 5 శాతం తీస్తే 1,948. నిర్వహణ, బీమా, ఆస్తిపన్ను, మంచు ఎత్తివేత, మరమ్మతుల నిధి కలిపి 700. మిగిలేది నెలకు 1,248, ఏడాదికి 15,000.

బ్యాంకు ఈ 15,000 మొత్తాన్నీ వాయిదాకు ఒప్పుకోదు, మిగులు వాయిదాకు 1.2 రెట్లు ఉండాలంటుంది. అంటే వాయిదాకు 12,500. ఆరున్నర శాతం వడ్డీ, 35 ఏళ్ల గడువు మీద దానికి వచ్చే అప్పు సుమారు 1,72,000 డాలర్లు. ఇల్లు కట్టడానికి 5 లక్షలైతే లోటు 3,28,000. నలభై ఇళ్లకు 1.31 కోట్ల డాలర్లు.

ఇప్పుడు ఏ మీట నొక్కితే ఎంత కదులుతుందో చూడండి. ఆస్తిపన్ను మినహాయింపుతో నెలకు 120 తగ్గితే ఇంటికి 16,500 అప్పు పెరుగుతుంది. వడ్డీ ఒక శాతం తగ్గితే 21,500. కొలరాడోలో హౌసింగ్ అథారిటీ యాజమాన్యంలో భాగస్వామి అయితే ఆస్తిపన్ను, నిర్మాణ సామగ్రిపై అమ్మకపు పన్ను రెండింటికీ మినహాయింపు దారి ఉంది. కాబట్టి అథారిటీని చివర్లో ఆశీర్వాదానికి కాదు, మొదటి రోజే భాగస్వామిగా పిలవండి.

లోటు పూడ్చే దారులు:

- ఫెడరల్ పన్ను క్రెడిట్, అంటే తక్కువ ఆదాయాల వాళ్లకు అద్దె ఇళ్లు కడితే కేంద్ర పన్నులో దొరికే రాయితీ. 9 శాతం రకానికి తీవ్రమైన పోటీ. 4 శాతం రకం బాండ్లతో కలిసి వస్తుంది. 2026 నుంచి ఖర్చులో 50 శాతానికి బదులు 25 శాతం బాండ్లతోనే అర్హత వస్తుంది కాబట్టి ఈ దారి కాస్త వెడల్పయింది. మెలిక ఏమిటంటే ఇది ప్రధానంగా 60 శాతం ఏఎంఐ వాళ్లది. భార్య టీచర్, భర్త స్కీ వాలుల మీద రక్షణ సిబ్బందిలో (స్కీ పెట్రోల్) ఉంటే చాలాసార్లు గీత దాటిపోతారు.
- ప్రొపొజిషన్ 123. 2022లో ఓటర్లు ఒప్పుకున్న రాష్ట్ర నిధి. మీ పట్టణం ఏటా 3 శాతం చొప్పున అందుబాటు ఇళ్లు పెంచుతామని మాట ఇచ్చి ఉండాలి, దరఖాస్తులను 90 రోజుల్లో తేల్చే ఏర్పాటు చేయాలి. సాధారణంగా అద్దెకు 60, అమ్మకానికి 100 శాతం ఏఎంఐ పరిమితి. గ్రామీణ రిసార్ట్ ప్రాంతాలు పరిమితి పెంచమని అర్జీ పెట్టుకోవచ్చు. పెట్టుకోండి.
- మధ్య ఆదాయాల వాళ్ల కోసం 2022లో పుట్టిన రాష్ట్ర మిడిల్ ఇన్‌కమ్ హౌసింగ్ అథారిటీ. సాధారణంగా 80 నుంచి 120 శాతం, గ్రామీణ రిసార్ట్ కౌంటీల్లో 140 దాకా.
- స్థానిక పన్నులు. ఆస్పెన్‌కు 1989 నుంచి స్థిరాస్తి బదిలీల మీద ఇళ్ల కోసం 1 శాతం పన్ను ఉంది. దాన్ని చూసి మీ ఊళ్లోనూ వేద్దామనుకుంటే కుదరదు. పన్నులకు కళ్లెం వేస్తూ 1992లో రాష్ట్ర రాజ్యాంగానికి వచ్చిన టేబర్ సవరణ కొత్త బదిలీ పన్నులను నిషేధించింది. హోటల్ గదుల మీద వేసే లాడ్జింగ్ పన్నును ఇళ్లకు వాడుకోవడానికి మాత్రం 2022 నుంచి చట్టం ఒప్పుకుంటోంది.

హోటల్ కట్టేవాళ్లు ఇళ్లకు బదులు రుసుము కడతామంటే, ఆ రుసుము పైన వేసిన లోటుకు సమానంగా ఉండాలి: 11 ఇళ్లకు సుమారు 36 లక్షలు. దీన్ని ఏటా నిర్మాణ ఖర్చుల సూచీతో పెంచే వాక్యం ఆర్డినెన్స్‌లోనే ఉండాలి. పదేళ్ల కిందటి రుసుముతో ఈనాడు పునాది కూడా లేవదు.

4. దస్తావేజు షరతు: డ్రాయింగుల కంటే ముందు ఇది రాయండి

డీడ్ రిస్ట్రిక్షన్ అంటే ఇంటి దస్తావేజుకు కట్టేసిన షరతు: ఎవరు ఉండాలి, ఎంతకు అమ్మాలి, ఎన్నాళ్లు. భవనం అరవై ఏళ్లు ఉంటుంది, దాన్ని మొదట కట్టించినవాళ్లు పదేళ్లలో వెళ్లిపోతారు. ఆ తర్వాత ఇల్లు పనివాళ్లదా, సెలవులకొచ్చే డబ్బున్నవాళ్లదా అన్నది ఈ కాగితంలోని పదాలే తేలుస్తాయి. చాలామంది దీన్ని లాయరు చేతిలో పెట్టి, చివరి నెలలో సంతకం చేస్తారు. అదే అసలు తప్పు.

ముందు రకం ఎంచుకోండి. 2017లో మొదలైన వెయిల్ ఇన్‌డీడ్ పథకం తేలికైనది: ఈగిల్ కౌంటీలో వారానికి సగటున 30 గంటలు పనిచేసేవాళ్లు ఉంటే చాలు, ఆదాయ పరిమితి లేదు, ధర పరిమితీ లేదు. పట్టణం డబ్బిచ్చి షరతును కొంటుంది. కొత్త ఇటుక పేర్చకుండానే ఇల్లు స్థానికులకు దక్కుతుంది. ఆస్పెన్ పద్ధతి బిగుతైనది: ఏడాదికి 1,500 గంటల స్థానిక పని, ఆదాయ తరగతులు, అమ్మకపు ధరకు పరిమితి. మొదటిది త్వరగా సంఖ్య పెంచుతుంది, కానీ గిన్నెలు కడిగే మనిషికి ఆ ఇంటి ధర అందదు. రెండోది అందుతుంది కానీ కనిపెట్టుకుని ఉండే యంత్రాంగం కావాలి. సొంత సిబ్బంది లేని చిన్న ఊళ్లు రెండోదాన్ని నెత్తికెత్తుకోవద్దు. పక్క ఊళ్లతో కలిసి ఒక అథారిటీ పెట్టుకుంటేనే సాగుతుంది.

ధర పరిమితి రాసేటప్పుడు ఒక్క పదం ఎంత పని చేస్తుందో చూడండి. 3 లక్షలకు కొన్న ఇల్లు ఏటా 3 శాతం పెరుగుతుందని రాశారు. సాధారణ వడ్డీలా అయితే పదేళ్లకు 3,90,000. చక్రవడ్డీలా అయితే 4,03,175. ఏదో రాయకపోతే ఆ 13,175 కోసం అమ్మేవాళ్లు, కొనేవాళ్లు, అథారిటీ ముగ్గురూ లాయర్లను పెట్టుకుంటారు. ఒక లెక్క చేసి చూపించిన పట్టికను షరతుకు అనుబంధంగా జతచేయండి. వంటగది బాగుచేయించిన ఖర్చును ధరకు కలుపుకోవచ్చా, ఎంతవరకు, ఏటా ఎంత తరుగు అన్నదీ అక్కడే. లేకపోతే గ్రానైట్ గట్టు పేరుతో ధర ఎగబాకుతుంది.

రెండో గండం జప్తు. ఇంటి మీద అప్పు ముందు నమోదై, షరతు తర్వాత నమోదైతే, బ్యాంకు వేలం వేసిన రోజున షరతు చెరిగిపోతుంది. పాత ఇళ్లకు డబ్బిచ్చి షరతు కొనే పథకాల్లో ఇది నిత్యం పొంచి ఉండే ప్రమాదం. డబ్బు చేతులు మారకముందే బ్యాంకు నుంచి తన అప్పు షరతు తర్వాతే అని సబార్డినేషన్ పత్రం తీసుకోండి. బ్యాంకు ఒప్పుకోకపోతే, వాయిదాలు తప్పిన నోటీసు అథారిటీకీ రావాలని, నిర్ణీత రోజుల్లో తనే కొనే హక్కు ఉండాలని రాయించండి. ఆ హక్కు వాడుకోవడానికి డబ్బు కూడా పక్కన పెట్టి ఉండాలి.

మూడోది ఓనర్ల సంఘం. బయటి ధరకు అమ్మిన ఫ్లాట్లు, షరతున్న ఫ్లాట్లు ఒకే భవనంలో ఉంటే మెజారిటీ ఓనర్లు లాబీకి పాలరాయి వేయిద్దామని ఓటేస్తారు. ఆ భారం వేటర్ మీదా పడుతుంది. తన ఇంటి ధర పరిమితమే కాబట్టి అమ్మేటప్పుడు అది తిరిగి రాదు. నెలవారీ రుసుమును మొదటి అమ్మకపు ధర నిష్పత్తిలో పంచేలా మూలపత్రంలోనే రాయండి. దీనికి తిరకాసు కేసూ ఉంది: ఇళ్లన్నీ షరతువే అయితే అందరూ రుసుము తగ్గించమనే ఓటేస్తారు, ఇరవై ఏళ్లకు పైకప్పు కారుతుంది, నిధిలో చిల్లర కూడా ఉండదు. అమ్మకాలకు ముందే మరమ్మతులకు ఎంత నిధి కావాలో లెక్కకట్టే రిజర్వ్ స్టడీ చేయించి, అందులో తేలిన కనీస మొత్తాన్ని సంఘం తగ్గించకూడదని షరతు పెట్టండి.

అద్దె ఇళ్ల విషయంలో చట్టచరిత్ర తెలిసి ఉండాలి. కొత్త నిర్మాణాల వల్ల పుట్టే ఉద్యోగుల్లో 40 శాతం మందికి ఇళ్లు కావాలన్న టెల్యూరైడ్ నిబంధనను, అది అద్దె నియంత్రణే అంటూ 2000లో కొలరాడో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2021 చట్టం ఆ తలుపు మళ్లీ తెరిచింది, కానీ కట్టేవాళ్లకు ఇంకో ప్రత్యామ్నాయం ఇవ్వాలి. రుసుము మార్గం లేకుండా అద్దె ఇళ్లే కావాలని పట్టుబట్టకండి.

5. సీజన్ పనివాళ్ల మంచాలు

పన్ను క్రెడిట్ ఇళ్లలో మొదటి అద్దె ఒప్పందం ఆరు నెలలకు తగ్గకూడదు. స్కీ సీజనేమో ఐదు నెలలు. ఈ ఒక్క నెల తేడా గమనించకుండా సీజన్ వాళ్లకు ఆ డబ్బుతో కట్టబోయి దెబ్బతింటారు. మంచాల భవనం యజమానుల డబ్బుతో, పట్టణ నిధులతో కట్టాలి.

వేసవిలో ఖాళీగా ఉండకుండా చూడాలి. ఆస్పెన్‌లో మారోల్ట్ రాంచ్ దీనికి చక్కని నమూనా: 100 యూనిట్లు, చలికాలం స్కీ పనివాళ్లకు, వేసవిలో సంగీతోత్సవ విద్యార్థులకు. మీ ఊళ్లో వేసవికి ఎవరొస్తారో (ట్రెయిల్ పనివాళ్లు, నిర్మాణ కూలీలు, అగ్నిమాపక దళం) వాళ్లతో ముందే ఒప్పందం రాసుకోండి.

హోటల్ పది యూనిట్లు మొత్తంగా లీజు తీసుకుని తన వాళ్లకు ఇచ్చే పద్ధతి మంచిదే. కాకపోతే ఉద్యోగం పోయిన రోజే మంచం పోకూడదు. మంచు కురిసే జనవరిలో మనిషిని రోడ్డు మీద పెట్టే ఒప్పందం రాయకండి. కనీసం రెండు వారాల గడువు ఉంచండి, అద్దెను జీతంలో కోసుకునే ముందు రాష్ట్ర కార్మిక నిబంధనలు చూసుకోండి.

6. డిజైన్, నిర్మాణం: ఎత్తూ మంచూ

గుమ్మం దగ్గర బూట్లు విడిచే గది తప్పనిసరి. నలుగురున్న ఫ్లాట్‌లో ఎనిమిది జతల బూట్లు, నాలుగు జతల స్కీలు మంచు కారుస్తుంటాయి. నేల టైల్స్, మధ్యలో డ్రెయిన్, గోడకు ఆరబెట్టే కొయ్యలు. దీన్ని కోసేసి ఖర్చు మిగిల్చినవాళ్లు రెండేళ్లలో హాలు ఫ్లోరింగ్ మారుస్తారు. పార్కింగ్ కాగితం మీద ఇంటికి ఒకటని సరిపోవచ్చు. నిజానికి నలుగురికీ తలా ఒక కారుంటుంది, కాబట్టి బస్సు స్టాప్ ఎక్కడో చూసి నిర్ణయించండి. ఊడ్చిన మంచు పోయడానికి తారు విస్తీర్ణంలో పావు వంతు విడిగా వదలండి.

పైకప్పు వాలు ఎటుందో గీసుకుని, మంచు జారిపడే గీత కింద మెట్లు, తలుపు, గ్యాస్ మీటరు లేకుండా చూసుకోండి. జారిన మంచు దిమ్మ మీటరు మెడ విరిస్తే గ్యాస్ గోడ వెంట భవనంలోకి పాకుతుంది. అద్దాలు కింద ఊళ్లలో తయారై ఎత్తుకు వస్తే రెండు పలకల మధ్య గాలి ఉబ్బి పగులుతాయి, ఆర్డర్ ఇచ్చేటప్పుడే సైటు ఎత్తు రాసి బ్రీథర్ ట్యూబు అడగండి. గ్యాస్ ఫర్నేసు సామర్థ్యం వెయ్యి అడుగులకు సుమారు 4 శాతం చొప్పున పడిపోతుంది. బ్రెకన్‌రిడ్జ్ లాంటి 9,600 అడుగుల ఊళ్లో మూడో వంతుకు పైగా హరించుకుపోయినట్టే.

నేల పని మే నుంచి అక్టోబరు దాకానే. అనుమతి జూలైలో వస్తే ఆ ఏడాది పోయినట్టే లెక్క. దుప్పట్లు కప్పి, నేల కరిగించే యంత్రాలు పెట్టి చలికాలం కాంక్రీటు పోయవచ్చు, కానీ బడ్జెట్‌లో ఉన్న అత్యవసర నిధంతా దానికే పోతుంది. అందుకే చాలా ఊళ్లు ఫ్యాక్టరీలో తయారైన మాడ్యులర్ ఇళ్ల వైపు చూస్తున్నాయి. బ్యూనా విస్టాలో ఫేడింగ్ వెస్ట్ ఫ్యాక్టరీ పెట్టింది, నార్‌వుడ్‌లో 24 ఇళ్ల పినియన్ పార్క్ ఇలా వచ్చిందే. పునాది పడుతుండగా పెట్టెలు ఫ్యాక్టరీలో తయారవుతాయి, అదే లాభం. నష్టం దారిలో ఉంది: డెన్వర్ వైపు నుంచి తెస్తే ఐసెన్‌హవర్ సొరంగం ఎత్తు 13 అడుగుల 11 అంగుళాలే. ట్రక్కు మీద పెట్టె ఎత్తు ముందు కొలవండి, ఆ తర్వాతే పైకప్పు డిజైను. క్రేన్ నిలబడే చదునైన స్థలం, పెట్టెలు దింపే స్థలం సైటు ప్లాన్‌లో ఉండాలి. పునాది అర అంగుళం తేడాగా వస్తే పెట్టెలు కలిసే గీతలో ఏటా నీరు కారుతుంది.

7. ఎవరికి ఇవ్వాలి, ఎలా చూసుకోవాలి

లాటరీ వేయండి, అందరి ముందు వేయండి. ఎక్కువ ఏళ్లు పనిచేసినవాళ్లకు అదనపు చీటీలు ఇవ్వవచ్చు. 'ఊళ్లో పుట్టినవాళ్లకే' లాంటి నిబంధన ఫెయిర్ హౌసింగ్ (ఇళ్లలో వివక్షను నిషేధించే చట్టం) కేసు తెచ్చిపెడుతుంది. పని గంటలు కొలబద్ద చేసుకుంటే వలస వచ్చిన పనివాళ్లూ సమానంగా నిలబడతారు. దరఖాస్తు స్పానిష్‌లో కూడా ఉండాలి. గడువు ఫిబ్రవరి రద్దీ వారంలో పెడితే పనివాళ్లకు కాగితాలు నింపే తీరిక ఉండదు.

ఆ తర్వాత ఏటా తనిఖీ. డబ్ల్యూ-2 పత్రం (ఏడాది జీతం లెక్క), యజమాని సంతకం చేసిన గంటల లెక్క, పన్ను రిటర్న్‌లో చిరునామా, కారు రిజిస్ట్రేషన్: ఈ నాలుగూ ఒకే మాట చెప్పాలి. అనుమానం వస్తే పన్నెండు నెలల నీటి బిల్లులు అడగండి. మే నెలలో మీటరు కదలకపోతే పట్టించుకోవద్దు, మడ్ సీజన్‌లో అందరూ సొంతూళ్లకు వెళ్లొస్తారు. జనవరిలో కదలకపోతే మాత్రం వెళ్లి తలుపు తట్టండి.